నడుముతో నడచు పడవ

ఇంగ్లండులోని విశ్వవిద్యాలయములలో ఏటేట శరదృతువున చదువులు మొదలగునపుడు, క్రొత్తగా చేరిన విద్యార్థులను తమతమ సంఘములలోనికి పిలుచుకొనుటకై నాటకములాడువారును, చదరంగమాడువారును, కొండలెక్కువారును ఒకే ప్రాంగణమున బల్లలు వేసికొని కూర్చుండుట ఆచారము. ఆ వరుసలో ఎక్కడనో ఒకచోట గోడకు చేరవేసిన రంగురంగుల ప్లాస్టిక్ పడవయొకటి కనబడును. అది కయాక్. దానిని ముచ్చటగా తాకి చూచి, చందా ఎంతయని విచారించి, పేరు వ్రాయించుకొనిపోయిన పద్దెనిమిదేండ్ల విద్యార్థి తాను రేపో మాపో నదీతరంగములమీద తేలిపోదునని తలపోయుచుండగా, సంఘమువారు అతనిని రాత్రివేళ ఒక ఈతకొలనునకు రప్పించి, పడవలో కూర్చుండబెట్టి, నీటిలోనికి తలక్రిందులుగా త్రిప్పివేయుదురు. మొదటి పాఠమదియే. తక్కిన వాహనములన్నింటను పడకుండుట ముందు నేర్పి, పడినపుడేమి చేయవలెనన్నది వెనుక చెప్పుదురు. ఇందు ఆ క్రమము తాఱుమాఱైనది.

దీనికి కారణము పడవ కట్టుబడియందే కలదు. మన కృష్ణాతుంగభద్రలమీది పుట్టి గాని, గోదావరిమీది నావ గాని పైన తెఱపియైనవి. మనిషి వానిలో కూర్చుండును, అవి ఒరిగినచో జారి నీటబడును, అంతటితో అతనికిని పడవకును సంబంధము తెగిపోవును. కయాకునకు పైభాగము గూడ మూయబడియుండును. నడుమ అండాకారమున ఒక రంధ్రము. అందు కాళ్లు చొనిపి, తుంటివఱకు దిగి, కాళ్లు ముందునకు చాచి కూర్చుండవలెను. అరికాళ్లు లోపలి ఆనుడుపలకకు తగిలియుండును. మోకాళ్లు రెండును ఎడముగా విచ్చుకొని పైకప్పునకు లోపలివైపున అదిమిపట్టియుండును. తుంటికి ఇరుప్రక్కల సందు లేకుండ మెత్తలు కూర్చియుండును. నడుమునకు కట్టుకొన్న రబ్బరువంటి దళసరి వస్త్రముయొక్క అంచును ఆ రంధ్రముచుట్టును బిగించినచో నీరు లోపలికి పోదు. ఈ వస్త్రమును స్ప్రే డెక్ అందురు. ఇట్లు బిగించుకొన్న పిమ్మట మనిషి పడవలో కూర్చుండినవాడు కాడు, చొక్కావలె పడవను తొడుగుకొన్నవాడు. పడవ తలక్రిందులైనచో తానును తలక్రిందులగును. ఊడిపడడు, లోపలనే వ్రేలాడును.

ఈ పడవను మొదట నిర్మించిన ఉత్తరధ్రువప్రాంతపు ఇన్యూట్ జాతులవారు దానిని నిజముగనే ఒంటికొలతలు తీసి కట్టుచుండిరి. గ్రీన్లాండులో వేటగాని చాచిన చేతుల లెక్కను పడవ పొడవును, అతని తుంటి వెడల్పునకు పిడికిళ్లు కలిపి పడవ వెడల్పును నిర్ణయించుట వాడుక. చెట్లు మొలవని ఆ సీమలో సముద్రము ఒడ్డునకు తెచ్చి పడవేసిన కొయ్యలే చట్రమునకు ఆధారము. ఆ చట్రముమీద స్త్రీలు సీలుచర్మములను నీరు చొఱకుండ కుట్టి బిగించుచుండిరి. వేటగాడు ధరించు తుయిలిక్ అను చర్మపు అంగీయొక్క క్రిందియంచు పడవరంధ్రమునకును, చేతులు మణికట్టులకును, తలకప్పు ముఖమునకును బిగియగట్టబడుటచే మనిషియు పడవయు కలసి నీరు చొఱని ఒకే శరీరమగుచుండిరి. అక్కడి సముద్రము మంచుగడ్డలు తేలునట్టిది. పడవను విడిచి అందు పడినవాడు ఎంతోసేపు బ్రదుకడు, ఈత వచ్చినను ప్రయోజనము స్వల్పము. కావున తిరుగబడినపుడు పడవను విడువక, తెడ్డు సాయమున మరల పైకి తిరిగివచ్చు విద్యను వారు పెంపొందించుకొనిరి. తెడ్డు చేజాఱినచో ఈటె విసరు కొయ్యతో, అదియును లేనిచో ఒట్టిచేతితో లేచుటకు వేర్వేఱు పద్ధతులు కల్పించుకొనిరి. నేటికిని గ్రీన్లాండులో జరుగు పోటీలలో 30కి పైబడిన తీరులలో ఈ విద్య పరీక్షింపబడుచున్నది. చేత ఇటుక పట్టుకొని లేచునది యొకటి, మోచేతిని మాత్రమే వాడి లేచునది మఱియొకటి. కయాకు నడుపువారందఱు దీనిని రోల్ అని వ్యవహరింతురు.

ఐరోపాలో ఈ పడవ వ్యాపించుటకు తోడ్పడినవాడును ఒక విద్యార్థియే. 1905లో మ్యూనిక్ నగరమున వాస్తువిద్య చదువుచున్న ఆల్ఫ్రెడ్ హోయ్‌రిష్, మడచి సంచులలో పెట్టుకొని రైలులో తీసికొనిపోదగిన కయాకునొకదానిని బద్దల చట్రముతోను గుడ్డతోను కల్పించి ఇజార్ నదిలో నడిపెను. రెండేండ్ల పిమ్మట దాని హక్కులను కొని వ్యాపారముగ నిలిపిన యోహాన్ క్లెపర్, రోజెన్‌హైమ్ పట్టణమున బట్టలు కుట్టు దర్జీ. తొడుగుకొను పడవకు దర్జీయే దొరకుట విధి చేసిన చమత్కారము కాబోలు.

పడవ వచ్చినది గాని, తిరుగబడినపుడు లేచు విద్య దానితో రాలేదు. 1927 జూలైలో ఆస్ట్రియా దేశస్థుడగు ఎడీ హాన్స్ పావ్లాటా, ధ్రువప్రాంతములకు పోయివచ్చినవారు వ్రాసిన గ్రంథములలోని వర్ణనలనే గురువుగా గొని, ఒక సరస్సులో తనంతట తానే రోల్ సాధించెను. ఐరోపావారిలో ఆ విద్యను సాధించినట్లు నమోదైనవాడతడే ప్రథముడని చెప్పుదురు. తెడ్డు ఒక కొసను చేతబట్టి రెండవ కొసను దూరముగ చాచి లేచు ఆ పద్ధతి నేటికిని అతని పేరనే చెల్లుచున్నది. గట్టున కూర్చుండి ఈత నేర్వరాదందురు. పావ్లాటా గట్టున కూర్చుండి చదివినదానిని నీటిలో ఋజువుచేసెను.

మఱియొక యువకుడు ఈ విద్యను మూలస్థానమునకే పోయి, ఎఱిగినవారియొద్దనే నేర్చెను. జీనో వాట్కిన్స్ కేంబ్రిడ్జి విద్యార్థి. చదువుకొనుచున్న కాలముననే, 20 ఏండ్ల ప్రాయమున, ధ్రువప్రాంతమునకొక యాత్రను నడిపినవాడు. ఇంగ్లండునుండి గ్రీన్లాండు మీదుగా కెనడాకు విమానమార్గము సాధ్యమగునాయని పరిశీలించుటకు 1930లో అతని నాయకత్వమున 14 మందితో ఒక దళము బయలుదేఱెను. తూర్పు గ్రీన్లాండులో వాట్కిన్సును అతని మిత్రులు కొందఱును తమ కొలతలకు సరిపడ కయాకులు కట్టించుకొని, అక్కడి వేటగాండ్రకు శిష్యులై, రోల్ నేర్చి, సీలువేటలో ప్రవేశము సంపాదించిరి. తరువాత అతడు ముగ్గురు తోడివారితో మరల అచ్చటికే పోయెను. 1932 ఆగస్టు 20వ తేదీన ఒంటరిగ వేటకు పోయిన వాట్కిన్స్ తిరిగిరాలేదు. నీటిలో తేలుచున్న అతని పడవ మిత్రులకు దొరకెను, ఒక మంచుగడ్డమీద అతని దుస్తులు కొన్ని దొరకెను, దేహము దొరకలేదు. అప్పటికతనికి 25 ఏండ్లు. ఒంటరిగ నీటిమీదికి పోరాదను నియమము కయాకు సంఘములన్నింటను ముందుగ చెప్పబడునది. ఈ వృత్తాంతమెఱిగినవారికి దానిని వేఱుగ వివరింపబనిలేదు.

మరల ఈతకొలనునొద్దకు వత్తము. నేర్పువారు చాలచోట్ల రెండవ మూడవ సంవత్సరపు విద్యార్థులే. నడుములోతు నీటిలో పడవప్రక్కన నిలిచి వారు క్రొత్తవానికి చెప్పునది యేమన, పడవ తిరిగిపోయినపుడు ముందునకు వంగి ముఖమును పడవకప్పునకు చేరువగ నుంచుకొనవలెను. చేతులు రెండును నీటివెలుపలికి చాచి పడవ అడుగును కొన్నిమార్లు చఱవవలెను. పిమ్మట చేతులను పడవ అంచువెంబడి ముందునకు జరుపుకొనుచు, స్ప్రే డెక్‌కు ముందువైపున కుట్టియున్న పట్టీని వెదకి, ముందునకు త్రోసి లాగవలెను. తుంటి కిరుప్రక్కల అంచుమీద చేతులానించి, కాళ్లు వదులుచేసి, నెట్టుకొని బయటికి రావలెను. ముందునకు వంగుట, రేపు నదిలో ముఖము రాళ్లకు తగులకుండుటకు. పడవను చఱచుట సాయము పిలుచుటకని చెప్పుదురు గాని, తన కంగారును తానే అణచుకొనుటకది ఎక్కువ ఉపకరించునని నా యభిప్రాయము. వ్యవహారమంతయు కొన్ని సెకండ్లలో ముగియును. ముక్కులోనికి నీరెక్కి, చెవులలో హోరు నిండి, పైయేదో క్రిందేదో తెలియని ఆ కొన్ని సెకండ్లే క్రొత్తవానికి యుగములుగ తోచును. నిజమునకు చాలమంది చెప్పినవేవియు పాటింపకనే తొందరలో జారి బయటబడుదురు. పడవలో చిక్కి యుండిపోదునేమోయన్న భయము, పట్టీ లోపలికి మడతపడియున్నపుడు దక్క, అంతగ సమంజసము కాదు. అందుచేతనే వస్త్రము బిగించిన ప్రతిసారియు పట్టీ వెలుపలనున్నదాయని తడిమి చూచుకొనుటను మొదటినుండియు అలవాటు చేయుదురు.

ఇంతవఱకు భయనివారణము, అసలు విద్య దాని వెనుక. కొలను గట్టునో, మిత్రుని పడవ ముక్కునో చేతులతో పట్టుకొని, తన పడవను ప్రక్కకు ఒరగనిచ్చి, చెంప నీటికి తగులువఱకు పోయి, అక్కడనుండి చేతులతో కాక నడుమును విసరి పడవను నిలబెట్టవలెను. ఇచ్చటనే ప్రతివాని సహజజ్ఞానమును వానికి ఎదురుతిరుగును. మునుగుచున్నవాడు మొట్టమొదట ఎత్తదలచునది తల. నీటిలో నున్నంతసేపు తల బరువును నీరే మోయును. పైకెత్తిన క్షణమున ఆ నాలుగైదు కిలోల బరువును మెడమీదికి, మెడనుండి నడుముమీదికి వచ్చిపడి, సగము లేచిన పడవను మరల క్రిందికి గుంజివేయును. అందుచేత ముందు మోకాలితోను తుంటితోను పడవను తిప్పవలెను, పిమ్మట మొండెము లేవవలెను, కట్టకడపట తల. ఊపిరికై తపించు దేహముతో ఊపిరి తీయు అవయవమును అన్నిటికంటె వెనుక లేపుమని చెప్పుట యుక్తమే యైనను, ఆ యుక్తిని బుద్ధి ఒప్పుకొన్నంత త్వరగ దేహము ఒప్పుకొనదు. వారములతరబడి ఒకే గట్టును పట్టుకొని ఒకే పొరపాటును అనేకవిధములుగ చేయుట ప్రతి సంఘమునను కనబడు దృశ్యము. భుజబలము గలవారు చేతులతో నొక్కి లేవజూచి విఫలులగుచుండగా, ఆ బలము తక్కువైన బాలికలు నడుమునే నమ్ముకొని ముందుగ నేర్చుకొందురని నేర్పువారు తఱచుగ చెప్పుదురు. గట్టు స్థానమున తెడ్డు వచ్చినదే రోల్. తెడ్డు పలక నీటిపైభాగమున చాపినపుడు దొరకు ఊత క్షణమాత్రము. ఆ క్షణములో నడుము తన పని ముగింపవలెను.

తెడ్డు విషయమును క్లుప్తముగ చెప్పవచ్చును. రెండు కొసలను పలకలు గల ఈ తెడ్డు, నదిలో వాడునది, సుమారు రెండు మీటర్ల పొడవు. దానిని చేతులతో లాగుచున్నట్లు చూపఱకు తోచును గాని, చేతులతోనే లాగువాడు త్వరలో అలసిపోవును. మొండెమును కుడియెడమలకు త్రిప్పుటలోనే బలమంతయు నున్నది. నదిలో వాడు కయాకు రెండున్నర మీటర్ల ప్రాంతపు పొట్టిది, తిరుగుటకు కట్టబడినది గాని సూటిగ పోవుటకు కాదు. కావున క్రొత్తవాడు కుడివైపున తెడ్డు వేయగనే ముక్కు ఎడమకు మొగ్గును, సరిదిద్దబోగా కుడికి మొగ్గును, తుదకు కొలను మధ్యమున గిరగిర తిరుగును. మొదటి రోజులన్నియు ఈ అవమానముతోనే గడచును. విచారింపబనిలేదు, నదిలో ఈ దుర్గుణమే సద్గుణమగును.

ఆ నది ఆంగ్లవిద్యార్థికి లభించునది చలికాలమున. ఇంగ్లండునందును వేల్సునందును నదులమీద పడవ నడుపు హక్కు ఒక తెగని వివాదము. ఒడ్డుభూములు గలవారును చేపలు పట్టువారును చాలనదులలో పడవలు రాగూడదని వాదింతురు. స్కాట్లండులో 2003 నాటి చట్టము నేలయందును నీటియందును బాధ్యతతో సంచరించు హక్కును ప్రజలకిచ్చినది. ఈ వివాదమును, వానలు పడినగాని నిండని చిన్న నదుల స్వభావమును కలసి చలినెలలను నిర్ణయించినవి. డెవన్ సీమలోని డార్ట్ నదియు, వేల్సులోని డీ నదియు ఆ నెలల వారాంతములలో విద్యార్థిసంఘములకు యాత్రాస్థలములు. నాటింగ్‌హామ్ చేరువనున్న హోమ్ పియర్‌పాంట్‌లో, ట్రెంట్ నదీజలమును మళ్లించి 1986లో తెఱచిన కాంక్రీటు కాలువలో నేర్చినవారును ఎందఱో కలరు. నదీభాగములను కష్టమునుబట్టి 1 మొదలు 6 వఱకు తరగతులుగ విభజించిరి. 1వది మెల్లని పాఱుదల, 6వది ప్రాణాపాయముతో గాని దాటరానిది. క్రొత్తవారికి తగినవి మొదటి రెండును.

నీరు ఒక రాతిని చుట్టిపోవునపుడు రాతివెనుక పల్లమేర్పడి, దానిని నింపుటకై దిగువనుండి నీరు వెనుకకు, అనగా ప్రవాహమునకు ఎదురుగ, మెల్లగ తిరిగివచ్చును. ఈ నీటిని ఎడ్డీ అందురు. వడినీటి నడుమ కయాకునకు అదియే విశ్రాంతిస్థానము. నదిని దిగుటయనగా ఒక ఎడ్డీనుండి మఱియొక ఎడ్డీకి చేరుటయే. రెంటికిని నడుమ కంటికి కనబడు గీతయొకటి యుండును, దాని కిరుప్రక్కల నీరు ఎదురెదురు దిక్కులకు పోవును. పడవముక్కు ఆ గీతను దాటగనే వడి దానిని పట్టి దిగువకు త్రిప్పును. తోక యింకను నిలుకడనీటిలోనే యుండును. ఆ క్షణమున ప్రవాహము పోవు దిక్కునకు ఒరిగి, ఎగువయంచును మోకాలితో పైకెత్తినవాడు చక్కని వంపు తిరిగి సాగిపోవును. కాని పైనుండి దూకివచ్చు నీటిని చూచి బెదరిన దేహము ఎగువకే ఒరుగును. వెంటనే ఆ యంచుమీదికి నీరెక్కి ఱెప్పపాటున పడవను తిరుగవేయును. కొలనులో తల విషయమున నేర్చిన పాఠమునే నది మఱియొక రూపమున చెప్పుచున్నది: అపాయమునుండి తొలగునట్టి కదలికయే ఇచ్చట అపాయహేతువు.

రోల్ తప్పి, పడవను విడిచి ఈదినవానికి చాలసంఘములలో ఒక వింతశిక్ష కలదు. నదినీటిలో నానిన తన బూటులోనే బీరు పోసికొని త్రాగవలెను. ఆరోగ్యశాస్త్రము దీనిని మెచ్చదు. ఐనను ఎంత పెద్దవాడైనను ఎప్పుడో ఒకప్పుడు ఆ బూటును నోటికెత్తక తప్పదు కనుక, పడుట యన్నది సిగ్గుపడదగినది కాదని క్రొత్తవానికి తెలియజేయుటలో ఏ ఉపన్యాసమును దానికి సాటిరాదు.

ఈదుట గూడ నేర్వవలసినదే. వడినీటిలో పడినవాడు వెల్లకిల తేలుచు పాదములు దిగువకు చాచియుండవలెను గాని లేచి నిలువరాదు. రాళ్లసందున పాదము చిక్కినచో నీరు దేహమును ముందునకు పడద్రోసి అట్లే అదిమిపట్టును, లోతులేని నీటిలో గూడ. ఒడ్డునుండి కూలి నీటిలో పడియున్న చెట్టు మఱియు భయంకరము; కొమ్మలనడుమ నీరు పోవును, మనిషి పోలేడు. చిన్న ఆనకట్టలు మోసగించునట్టివి: నీరు కట్టమీదనుండి సమముగ జాఱిపడినచోట, పైనీరు మరల కట్టవైపునకే తిరిగి పాఱుచు, చిక్కినదానిని విడువక దొర్లించుచుండును. చూపులకది జలపాతము కాదు, చప్పుడును స్వల్పమే. వీనికితోడు చలి. మిక్కిలి చల్లనినీటిలో హఠాత్తుగ పడినవానికి తన ప్రమేయములేకయే ఊపిరి ఎగదీతగ వచ్చును. ఆ సమయమున తల నీటిలోనున్నచో నీరే లోనికి పోవును. తడిసినను వెచ్చగనుంచు దుస్తులు, శిరస్త్రాణము, తేలుటకు తోడ్పడు కోటు లేనిదే విద్యార్థిని నీటికడకు రానీయకుండుటకు ఇదియంతయు కారణము.

1993 మార్చి 22వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమున లైమ్ అఖాతములో జరిగిన దుర్ఘటనను ఈ విద్యనుగూర్చి వ్రాయువాడు విడువరాదు. ప్లిమత్ నుండి వచ్చిన ఎనమండ్రు విద్యార్థులును వారి ఉపాధ్యాయుడును, ఒక శిక్షణకేంద్రపు శిక్షకులిద్దఱితో కయాకులలో సముద్రముమీదికి బయలుదేఱిరి. కొంతసేపటికే ఉపాధ్యాయుని పడవ పలుమార్లు తిరుగబడెను. ఒక శిక్షకుడు అతనికడ నిలువగా, పిల్లలును రెండవ శిక్షకుడును గాలికి కొట్టుకొనిపోయి తీరమునకు దూరమైరి. అలలు పడవలలోనికెక్కి ఒక్కొక్కదానిని ముంచెను. సంకేతమిచ్చుటకు జ్వాలాసాధనములు వారికడ లేవు, సహాయము గంటలతరబడి ఆలస్యమాయెను. నలుగురు విద్యార్థులు మరణించిరి. ఆ కేంద్రమున రక్షణ చాలదని అంతకుముందటి యేడే అక్కడ పనిచేసినవారు యాజమాన్యమునకు లేఖ వ్రాసియుండిరి. 1994లో న్యాయస్థానము ఆ కేంద్రమును నడిపిన సంస్థను నరహత్యానేరమున దోషిగ తీర్మానించెను. ఇంగ్లండులో ఒక సంస్థపై అట్టి నిర్ణయము వెలువడుట అదియే ప్రథమము. మఱుసటియేట పార్లమెంటు చట్టముచేసి, 18 ఏండ్లలోపువారికి ఇట్టి సాహసక్రీడలను వెలకు నేర్పు కేంద్రములకు లైసెన్సును విధించినది.

విశ్వవిద్యాలయసంఘములు స్వచ్ఛందములు, సభ్యులు యుక్తవయస్కులు. వారి భారము చాలవఱకు వారిదే. నిన్న నేర్చినవాడు నేడు నేర్పుటలో నాకు గుణమును దోషమును రెండును కనబడుచున్నవి. తన భయమును ఇంకను మఱువనివాడు ఎదుటివాని భయమును ఎగతాళి చేయడు, ఏ మాటకు దేహము లొంగునో వానికి జ్ఞాపకముండును. కాని నది పొంగియున్న ఉదయమున, నూఱుమైళ్లు వచ్చితిమి గదా, ఊరక పోవుటెట్లని మిత్రులు తొందరపెట్టునపుడు కాదనగల నిబ్బరము ఇరువదియేండ్ల నాయకునికి అరుదు. మంచి సంఘములు ఈ నిరాకరణాధికారమును ముందే ఒకరికి అప్పగించి, ఆ మాటకు ఎదురులేదని నియమము చేసికొనును.

మన దేశమున ఈ విద్య క్రొత్తది గాని లేనిది కాదు. ఋషీకేశమునకు ఎగువ గంగలోను, వానకాలమున కోజికోడ్ మండలపు కొండయేఱులలోను వడినీటికయాకు నడుపుదురు. భోపాల్ సరస్సులలో నిలుకడనీటి పందెములకు శిక్షణ నిత్తురు. నడుమునుగూర్చి ఇంతగ చెప్పిన పిమ్మట ఒక ప్రతివాదమును దాచుట న్యాయము కాదు. గ్వాలియరులో పుట్టి భోపాలులో సాధనచేసిన ప్రాచీ యాదవ్‌కు నడుము క్రిందిభాగము చచ్చుబడియున్నది. ఆమె టోక్యో పారాలింపిక్సులో పడవపందెమున పాల్గొని తుదిపోటీవఱకు పోయెను, 2023లో హాంగ్‌చౌ నగరమున జరిగిన ఆసియా పారాక్రీడలలో కయాకుపందెమున స్వర్ణపతకము గెలిచెను. సూటిగ పోవు నిలుకడనీటి పడవకు మొండెమును భుజములును చాలునని ఆమె చూపినది. నడుమును గూర్చిన సూత్రము వడినీటికి చెల్లునంతగ దానికి చెల్లదు. అట్లని క్రొత్తవాడు పందెపు పడవతో మొదలుపెట్టరాదు. ఐదు మీటర్లు దాటిన పొడవును, మిక్కిలి సన్నని ఒడలును గల ఆ పడవలో కదలక కూర్చుండుటయే ఒక సాధన.

తెలుగుదేశపు విద్యార్థులకు ఆంగ్లవిద్యార్థులకు లేని సౌకర్యమొకటి కలదు, మన నీరు వెచ్చనిది, లేనిది సంఘము. ఒక కళాశాలలో దానిని నెలకొల్పుటకు కావలసినవి ఒక ఈతకొలనును, ఐదాఱు పాతపడవలును, తిరుగబడి లేచుట బాగుగ వచ్చినవారిద్దఱును. వీనిలో మొదటి రెండును ధనముచే సమకూడును. మూడవదానికై ప్రస్తుతము ఎవరైన ఒకరిద్దఱు ఋషీకేశమునకో కోజికోడ్‌కో పోయి నేర్చిరావలసియున్నది.